అమ్మకానికి ముందు కొలతలు

కిందటి వారం మనం సుధామణిని తెల్లబోర్డు ముందు, చేతిలో మార్కరుతో వదిలి వచ్చాం. హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వెళ్ళే దారిలో, చేపల చెరువుల మధ్య ఉన్న రేస్ ట్రాక్ అమ్మకానికి వచ్చింది. దాన్ని కట్టించిన వెంకటప్పయ్యకి డెబ్బై ఆరేళ్ళు. బేరమంతా కూతురు సుస్మితే నడుపుతోంది. ట్రాక్ పడగొట్టి గోడౌన్లు కట్టుకుంటామని ఒకరూ, ట్రాక్‌ని ట్రాక్‌గానే పెంచుతామని కోయంబత్తూరు వాళ్ళూ వచ్చారు. కోయంబత్తూరు వాళ్ళకే దక్కాలని ట్రాక్‌ని నమ్ముకున్న నలభై కుటుంబాలూ మొక్కుకుంటున్నాయి. ఆదివారం వాళ్ళు ట్రాక్ మీద తమ కారు నడిపి చూస్తారు. సోమవారం సంతకాలు. ఈలోగా శనివారం పొద్దున, ట్రాక్ భద్రత చూసే చీఫ్ మార్షల్ సుధామణి కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెబుతూ, ఏళ్ళ తరబడి చెప్పే ఉదాహరణే చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందట ఐదో మలుపులో, మోటారు సైకిలు రైడరైన తన భర్త కోటి చేసిన తప్పు, దానికి అతను ప్రాణం పోగొట్టుకున్న వైనం. సరిగ్గా అప్పుడే సర్వే ఇంజనీరు హెలెన్ గుమ్మంలో నిలబడి, "మేడమ్, మీరు వేసిన ఆ బొమ్మ తప్పండీ" అంది.

* * *

సుధామణి మార్కరుకి మూత పెట్టింది. ఎనిమిదిమంది కొత్తవాళ్ళూ ఒకసారి ఆమె వైపూ, ఒకసారి హెలెన్ వైపూ చూస్తున్నారు.

"మీరంతా వెళ్ళి టీ తాగి రండి," అంది వాళ్ళతో. గొంతు మామూలుగానే ఉంది.

గది ఖాళీ అయ్యాక బోర్డు దగ్గరికి హెలెన్‌ని రమ్మంది. "ఏది తప్పు? చూపించండి."

హెలెన్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. గుణదలలో ఇల్లు. ట్రాక్ అప్పగింతకి కొత్త ప్లాన్లు గీయడానికి సుస్మిత పెట్టుకున్న మనిషి. వారం నుంచి మూడుకాళ్ళ యంత్రం పట్టుకుని ఎండలో తిరుగుతోంది. ఆమె బోర్డు మీద ఐదో మలుపు పక్కన సుధామణి రాసిన అంకె మీద వేలు పెట్టింది.

"ఇదండీ. రోడ్డు అంచు నుంచి గోడ దాకా ముప్పై రెండు మీటర్లని రాశారు. అక్కడ అంత లేదండీ."

"ఆఫీసు ప్లాన్‌లో అంతే ఉంది."

"ప్లాన్‌లో ఉందండీ. నేల మీద లేదు."

సుధామణి మార్కరు పక్కన పెట్టింది. అలమరలోంచి పొడుగాటి టేపు తీసుకుని బయటికి నడిచింది. జీపు ఎక్కుతూ అడిగింది, "ఈ మాట సుస్మితగారికి చెప్పారా?"

"నిన్ననే చెప్పానండీ. పాత ప్లాన్‌లో అంకే వేసెయ్యమన్నారు. నేను గీసిచ్చి వెళ్ళిపోయేదాన్నే. కానీ ట్రాక్ ప్లాన్ ప్రకారం ఉందని ఆ ఫారం మీద సంతకం పెట్టేది మీరటగా. మీకు చెప్పకుండా వెళ్ళబుద్ధి కాలేదు."

ఐదో మలుపు ట్రాక్ మొత్తంలో పెద్ద మలుపు. దానికి ముందు కిలోమీటరు పొడుగున తిన్నటి రోడ్డు. బళ్ళు గాలిలా వచ్చి, అక్కడ బ్రేకు వేసి, ఎడమకి తిరగాలి. తిరగలేక అదుపు తప్పినవాడి కోసం రోడ్డు అవతల కంకర పోసి ఉంచుతారు. బండి ఆ కంకరలో దిగబడి, ఈడ్చుకుంటూ పోయి ఆగుతుంది. ఆగకపోతే వెనకాల పాత టైర్లు పేర్చిన అడ్డు, దాని వెనక కాంక్రీటు గోడ. కంకర ఎంత పొడుగుంటే మనిషికి అంత మేలు.

సుధామణి రోడ్డు అంచున టేపు చివర పట్టుకుని గొంతుక్కూర్చుంది. హెలెన్ టేపు లాక్కుంటూ కంకరలో నడిచి, టైర్లు దాటి, గోడకి ఆనించింది.

"పంతొమ్మిది మీటర్ల పది సెంటీమీటర్లండీ!"

"అక్కడే ఉండండి. నేనొస్తా."

చివరలు మార్చుకుని మళ్ళీ కొలిచారు. అదే అంకె. మలుపు మధ్యలో కొలిచారు, చివర కొలిచారు. పంతొమ్మిదే. సుధామణి గోడ మీద చెయ్యి పెట్టి అవతలికి తొంగి చూసింది. గోడని ఆనుకునే చెరువుగట్టు. గట్టు కింద నీళ్ళలో చేపలకి గాలి అందించే ఆక్సిజన్ చక్రాలు తిరుగుతున్నాయి. కొంగలు గట్టు పొడుగునా నిలబడి ఉన్నాయి.

"ఈ చెరువు ఎప్పుడు తవ్వారండీ?" అడిగింది హెలెన్.

సుధామణి ఆ గట్టు వైపే చూస్తూ గుర్తు తెచ్చుకుంది. కోటి బతికుండగా ఆమె ఈ ట్రాక్‌కి వచ్చింది ఒకే ఒక్కసారి. పెళ్ళయిన కొత్తలో. కోటి ఆమెని ఇక్కడే, ఈ మలుపులోనే, గోడ మీద కూర్చోబెట్టి బండి నడిపి చూపించాడు. అప్పుడు గోడ అవతల మినప చేను. ఆమె కాళ్ళు చేను వైపు వేసి కూర్చుంటే కోటి వచ్చి, ఇటు తిరిగి చూడవే, నేను బండి నడిపేది మినుములు చూడటానికి కాదు, అని కసిరాడు. చెరువు లేదు. గట్టు లేదు. ఆ తర్వాత ఆమె ట్రాక్‌లో అడుగుపెట్టింది కోటి పోయాక, ఉద్యోగానికి. అప్పటికి చెరువుంది, గోడ ఉంది. ఎప్పుడూ అక్కడే ఉన్నాయనుకుంది.

"గోడ జరిపారు," అంది.

ఆ మాట అని వచ్చి టైర్ల మీద కూర్చుంది.

కోటి చనిపోయాక వేసిన విచారణలో రాసింది ఆమెకి కంఠతా వచ్చు. ముప్పై రెండు మీటర్ల కంకర దాటుకుని కూడా బండి గోడని అంత బలంగా ఢీకొట్టిందంటే, మలుపు దగ్గర రైడరు బ్రేకు వేయలేదని భావించవలసి వస్తోంది. అదీ తీర్పు. బ్రేకు వేయలేదు. పదేళ్ళు బండి నడిపినవాడు, ఆటోనగర్‌లో నలుగురికి బ్రేకులు బిగించడం నేర్పినవాడు, ఎందుకు వేయలేదు? ఆ ప్రశ్నకి జనం వాళ్ళకి తోచిన జవాబులు చెప్పుకున్నారు. తాగి ఉన్నాడన్నారు. పరీక్షలో తాగలేదని తేలాక, కావాలనే వెళ్ళి గుద్దుకున్నాడన్నారు. ఆ పొద్దున ఇంట్లో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారని పక్కింటివాళ్ళు చెప్పారు. అది నిజమే. ఇక రేసులు మానెయ్యమని సుధామణే గొడవపడింది. పెట్టిన ఇడ్లీలు తినకుండా వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళు. ఒక్కరోజు కూడా ఆ ఇడ్లీలు మర్చిపోలేదు. అత్త పెద్దింట్లమ్మ దినాల నాడు కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున ఉన్న వాళ్ళింట్లో అందరి ముందూ అడిగింది, "ఆ పొద్దున నా కొడుకుని ఏమన్నావే?" అని. సుధామణి చెప్పలేకపోయింది. ఆ గుమ్మం మళ్ళీ ఎక్కొద్దంది అత్త. ఆమె ఎక్కలేదు. ఇక్కడికొచ్చి, జెండాలు పట్టడం నేర్చుకుని, ఒక్కో మెట్టే ఎక్కి, కొత్తవాళ్ళకి బోర్డు మీద బొమ్మ గీసి చెబుతూ వచ్చింది. ఇదిగో, ఇక్కడ బ్రేకు వెయ్యాలి. ఇతను వెయ్యలేదు. ఏడాదికి నాలుగైదు బ్యాచ్‌లు. ఎంతమందికి చెప్పి ఉంటుంది?

"హెలెన్‌గారూ, మీకు లెక్కలు వచ్చుగా. ఒక బండి సరైన చోటే బ్రేకు వేసింది. వెనక చక్రం జారి కంకరలోకి పోయింది. పంతొమ్మిది మీటర్లలో ఆగుతుందా?"

హెలెన్ తిన్నటి రోడ్డు వైపు చూసింది. "అప్పుడు ఈ మలుపు ముందు ఆ చిన్న వంకర ఉందాండీ? ఎర్ర దిమ్మలతో వేగం తగ్గించేది?"

"లేదు. ఆయన పోయాకే పెట్టించారు."

"అయితే ఆగదండీ. ముప్పై రెండులో ఆగొచ్చు. పంతొమ్మిదిలో ఆగదు."

సుధామణి తల ఊపింది. ఆమెకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఈ మలుపులో బళ్ళు జారడం చూస్తున్న మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఎవరో ఒకరు పైకి అనాలనిపించింది.

* * *

ట్రాక్ దక్షిణం వైపు, కొబ్బరిచెట్ల మధ్య వెంకటప్పయ్య ఇల్లు. రేసులు చూడ్డానికి పై వరండా ఒకటి వేయించుకున్నాడు. పోయినేడు కంటి ఆపరేషన్ అయ్యాక దూరం చూపు తగ్గింది. అయినా రోజూ అక్కడే కూర్చుని, చప్పుడు బట్టి ఏ బండి ఎక్కడుందో చెబుతుంటాడు.

"జీపు ఐదో మలుపులో గంటసేపు ఆగింది. ఏంటి అమ్మాయ్, ఏమన్నా చెడిందా?" అన్నాడు సుధామణి మెట్లెక్కుతుంటేనే.

ఆమె ఎదురుగా ఉన్న పీట మీద కూర్చోలేదు. నిలబడే ఉంది.

"బాబాయిగారూ, గోడ ఎప్పుడు జరిపారండీ?"

వెంకటప్పయ్య చేతిలోని పేపరు మడిచాడు. మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. ఏ గోడ అని అడగలేదు. అడగకపోవడంతోనే సుధామణికి సగం తెలిసిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"టేపు చెప్పిందండీ."

లోపల్నుంచి ఆయన భార్య పద్మావతమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు కిటికీ అరుగు మీద పెట్టి అక్కడే నిలబడిపోయింది.

"కోటి చనిపోడానికి ముందు, ఆ ఏడాదే ఆగస్టులో," అన్నాడు వెంకటప్పయ్య. "మా చెల్లెలు వెంకటరత్నం నీకు తెలుసుగా. ఆ అంచున ఉన్న ముక్క దానిది. నాన్న దానికి పసుపు కుంకాల కింద రాసిచ్చాడు. ట్రాక్ కట్టేటప్పుడు నోటిమాట మీద వాడుకున్నాను. తర్వాత వాళ్ళాయన చెరువుకి లీజు కుదుర్చుకున్నాడు. నా ముక్క నాకు ఇచ్చెయ్ అన్నయ్యా అంది. న్యాయమే కదా అది. కాదనలేకపోయాను. వానాకాలంలో రేసులు లేవు. గోడ తీసి ఇవతల కట్టించాను."

"మరి ప్లాన్?"

"మార్చలేదు. మారిస్తే మళ్ళీ అనుమతి రావాలి. కొలవడానికి మనుషులొస్తారు. ఇంత చాలదంటే ఆ ఏడాది రేసులన్నీ పోయేవి. మోటారు సైకిళ్ళేగా, పంతొమ్మిది చాలనుకున్నాను."

"చాల్లేదండీ."

"చాల్లేదు," అన్నాడు ఆయన.

కింద తోటలో ఎవరో కొబ్బరిమట్టలు కొడుతున్నారు. 

"విచారణకొచ్చినవాళ్ళు కొలవలేదా బాబాయిగారూ?"

"రెండో రోజు వచ్చారు. గుర్తుందా, తుఫాను వాన. కంకరంతా మోకాలి లోతు నీళ్ళు. గొడుగులేసుకుని రోడ్డు మీద నిలబడి, గోడ ఎంత దూరమని నన్నే అడిగారు. ప్లాన్‌లో ఉన్నంతే ఉందని చెప్పాను." ఆయన తల ఎత్తి, సరిగ్గా కనపడని కళ్ళతో ఆమె ఉన్న వైపు చూశాడు. "అంతే అమ్మాయ్. ఆ ఒక్క మాటే అన్నాను. మిగతాదంతా వాళ్ళే రాసుకున్నారు."

"ఆ ఒక్క మాటకి ఆయన బ్రేకు వెయ్యలేదని రాశారండీ. కావాలనే చచ్చాడన్నారు. నేనే చంపానన్నారు."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"అందుకే నిన్ను పిలిచి ఉద్యోగమిచ్చాను. అందుకే ఆ వంకర పెట్టించాను. మళ్ళీ ఎవరూ పోకూడదని. పోలేదు కూడా."

ఆ వంకర గురించి ఊరంతా ఏమనుకుందో సుధామణికి గుర్తొచ్చింది. పెద్దాయన మనసున్న మనిషి, ఒక్క ప్రాణం పోతే ట్రాకే మార్చేశాడు అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది. పండక్కి చీర పంపిస్తే కళ్ళకద్దుకుని కట్టుకుంది. తన కూతురు సాయిశ్రీకి జ్వరమొస్తే ఈయన కారే విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అవన్నీ ఇప్పుడు ఏం చెయ్యాలి? ఎవరికి తిరిగిచ్చెయ్యాలి?

"క్లాసులో చెబుతాను బాబాయిగారూ నేను. బొమ్మ గీసి. ఇక్కడ నా మొగుడు తప్పు చేశాడని. మీరు ఎన్నోసార్లు వెనక కుర్చీలో కూర్చుని విన్నారు."

వెంకటప్పయ్య మంచినీళ్ళ చెంబు కోసం చేత్తో తడుముకున్నాడు. దగ్గరే ఉన్న పద్మావతమ్మ అందివ్వలేదు.

"నాతో కూడా చెప్పలేదే," అంది పద్మావతమ్మ. "ఆ పిల్ల ఇక్కడ కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చింది. నేను ఓదార్చాను. మీరు లోపల పడుకుని విన్నారా అయితే?"

 సుధామణి మెట్లు దిగి వచ్చేసింది. కాఫీలు అలాగే చల్లారిపోయాయి.

* * *

జీపులో కూర్చుంది గానీ స్టార్ట్ చెయ్యలేదు. ఫోన్ తీసి, తొమ్మిదేళ్ళుగా ఉంచుకుని ఎప్పుడూ నొక్కని నంబరు నొక్కింది. ఈ వేళకి పెద్దింట్లమ్మ కైకలూరు చేపల మార్కెట్‌లో ఉంటుంది. గోల మధ్యలో ఎత్తింది.

"ఎవరూ?"

"నేనత్తా. సుధని."

అత్త ఫోన్ పెట్టేస్తుందేమో అనుకుంది.

"కోటి బ్రేకు వేశాడత్తా."

"ఏంటే?"

"వేశాడు. సరిగ్గానే వేశాడు. గోడ దగ్గరికి జరిపేశారు. ఆ సంగతి దాచిపెట్టారు. ఇవాళ నేను కొలిచాను. మీవాడు కావాలని పోలేదు. బతుకుదామనే బ్రేకు వేశాడు."

ఎవరో బొచ్చెల రేటు అడుగుతుంటే, "ఆగవయ్యా!" అని అరిచింది పెద్దింట్లమ్మ. బుట్ట వదిలి పక్కకి వచ్చిందేమో, గోల తగ్గింది.

"నిన్ను గుమ్మం ఎక్కొద్దన్నాను గదే," అంది చివరికి.

"పోనీలే అత్తా."

"పోనీ ఏంటే! తొమ్మిదేళ్ళు పోతే పోనీ అంటావేంటే!" అంది పెద్దింట్లమ్మ. "ఎవరు జరిపారా గోడ? వాళ్ళు బతికే ఉన్నారా?"

"ఉన్నారు."

"నువ్వేం చేస్తావు మరి?"

సుధామణి అద్దంలోంచి ట్రాక్ వైపు చూసింది. తిన్నటి రోడ్డు చివర ఇద్దరు పనివాళ్ళు ఆ చిన్న వంకర తాలూకు ఎర్రటి దిమ్మలు ఒక్కొక్కటే పీకి ట్రాలీలో వేస్తున్నారు. ఆదివారం కారు పరుగుకి రోడ్డు ఖాళీ చేస్తున్నారు.

"మళ్ళీ ఫోన్ చేస్తానత్తా," అని ఫోన్ పెట్టేసి, నడుముకున్న వైర్‌లెస్ అందుకుంది. "అన్ని పోస్టులకీ, చీఫ్ మార్షల్ మాట్లాడుతున్నాను. ఐదో మలుపు మూసేస్తున్నాం. ఎర్రజెండా పెట్టండి. నేను తియ్యమనేదాకా తియ్యొద్దు. ఆ దిమ్మలు పీకేవాళ్ళని ఆపండి."

* * *

ఆఫీసులో సుస్మిత ఆమె కోసమే ఎదురుచూస్తోంది. హైదరాబాద్‌లో లా చదివి వచ్చిన మనిషి, నలభైకి దగ్గర. సుధామణిని మొదటిరోజు నుంచీ అక్కా అనే పిలుస్తుంది. బల్ల మీద ఫారం సిద్ధంగా ఉంది. పక్కనే పెన్ను. హెలెన్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది, ఒళ్ళో ప్లాన్లు చుట్టిన గొట్టంతో.

"అమ్మ ఫోన్ చేసింది," అంది సుస్మిత. "కూర్చో అక్కా."

"నీకు ముందే తెలుసా?"

"నిన్న హెలెన్‌గారు చెబితే నాన్నని అడిగాను. రాత్రంతా నిద్రపోలేదు నేను. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు."

"చెప్పకుండా సంతకం పెట్టిద్దామనుకున్నావు."

సుస్మిత ఆ మాట కాదనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"నా మాట పూర్తిగా విను. పంతొమ్మిదని రాస్తే కోయంబత్తూరు వాళ్ళు సోమవారం రారు. కార్లు నడపాలంటే వాళ్ళకి ఆ ముప్పై రెండూ కావాలి. వెంకటరత్నం అత్త ఆ ముక్క ఇవ్వదు. అడిగాను, పొద్దున ఏడింటికే వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. ఇవ్వనంది. వాళ్ళు వెళ్ళిపోతే మిగిలేది గోడౌన్లవాళ్ళు. నెల తిరక్కుండా బుల్‌డోజర్లు వస్తాయి. నీ మార్షల్స్, షెడ్లలో మెకానిక్‌లు, గేటు దగ్గర రావమ్మ హోటలు, ఎవరికీ ఏమీ మిగలదు. సంతకాలు అయిపోనీ. నెల తర్వాత నేనే వాళ్ళతో చెబుతాను. మలుపు మార్చుకుంటారు. వాళ్ళకి ఇంజనీర్లున్నారు."

"రేపు?"

"రేపు ఒక్క కారు. నాలుగు చుట్లు."

"వంకర తీసేసి. ముప్పై రెండు మీటర్లు ఉందనుకుని. ఆ నడిపేవాడు కాగితం చూసి ధైర్యంగా వస్తాడు సుస్మితా. ఎంత వేగంగా రావచ్చో ఆ కాగితమే వాడికి చెబుతుంది."

"జాగ్రత్తగా నడపమని నేను చెప్తాను."

"ఏమని చెప్తావు? ఎందుకు జాగ్రత్తని అడిగితే?"

సుస్మిత మొహం తిప్పుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె నాటకమాడటం లేదని సుధామణికి తెలుసు. ఈ ట్రాక్ బతకాలని ఆమె ఆరు నెలలుగా తిరగని ఊరు లేదు. గోడౌన్లవాళ్ళు ఎక్కువిస్తామన్నా వద్దంది. అలాంటి మనిషిని కాదనడం కష్టంగానే ఉంది. కొత్తగా చేరిన ఎనిమిదిమంది బయట చెట్టుకింద ఇంకా ఎదురుచూస్తున్నారు. క్లాసు సగంలో ఆగిపోయింది మరి. వచ్చే నెల వాళ్ళకి ఈ పని ఉండకపోవచ్చు. అది తన చేత్తోనే జరుగుతుంది.

ఫారం తన వైపు తిప్పుకుంది. ఐదో మలుపు అన్న వరసలో ముప్పై రెండు అని ముందే అచ్చు వేసి ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేసింది. పైన 'పంతొమ్మిది మీటర్ల పది సెంటీమీటర్లు, నేనే కొలిచాను' అని రాసింది. కింద, 'వాహనాలు నడపడానికి ఈ మలుపు పనికిరాదు. మూసివేశాను' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. సుధామణి అని రాసి ఆగి, పక్కన 'కోటి భార్య' అని కూడా రాసింది. ఫారంలో దానికి చోటు లేదు. మార్జిన్‌లో రాసింది.

"హెలెన్‌గారూ, కోయంబత్తూరు వాళ్ళు గన్నవరంలో హోటల్లో ఉన్నారు కదండీ. మీరు అటే వెళ్తున్నారా?"

హెలెన్ సుస్మిత వైపు చూసింది. సుస్మిత చెయ్యి అడ్డం పెట్టలేదు.  హెలెన్ ఫారం తీసుకుని, ప్లాన్ల గొట్టంలో జాగ్రత్తగా పెట్టుకుని, "వస్తానండీ" అని వెళ్ళిపోయింది. స్కూటీ గేటు దాటిన చప్పుడు వినిపించింది.

 సుధామణికి తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి కోటి మొహం, ఆ పొద్దుటి కోపం మొహం కాకుండా, మామూలు మొహం గుర్తొచ్చింది. లేచి గుమ్మం వైపు నడిచింది.

"అక్కా."

సుస్మిత ఇనప బీరువా తెరిచి నిలబడింది. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ఒకటి ఉంది.

"ఇది నీకు చూపించకూడదనే అనుకున్నాను. నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇందాక నువ్వు ఎంత అడిగినా ఆయన ఇది చెప్పలేదంటే, ఎవరి పరువు కోసం చెప్పలేదో నీకే తెలుస్తుంది. ఇప్పుడు ఆ ఫారం వెళ్ళిపోయింది. రేపటికల్లా అందరూ అడుగుతారు, అప్పుడు ఇది ఎలాగూ బయటికొస్తుంది. నా దగ్గరే ముందు చూడు."

సుధామణి దగ్గరికి వచ్చింది. నీలం సిరాతో చేతిరాత. ఆగస్టు తేదీ. ఐదో మలుపు గోడ పదమూడు మీటర్లు ఇవతలికి జరపడానికి రైడర్ల తరఫున మాకు అభ్యంతరం లేదు. ప్లాన్ మార్చవలసిన అవసరం లేదు.

కింద సంతకం. చివరి అక్షరానికి తోక పొడుగ్గా లాగి, దాని కింద రెండు చుక్కలు. ఆటోనగర్ షెడ్డు రసీదుల మీద, పెళ్ళి రిజిస్టరులో, సాయిశ్రీ బడి కాగితాల మీద ఆమె చూసిన సంతకమే.

కోటిది.

ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతుంటే కనిపించింది. కోటి సంతకం పక్కన 'సాక్షి' అని రాసి ఉంది. ఆ మాట కింద ఇంకొకరి సంతకం మొదటి గీత మాత్రమే కనిపిస్తోంది. మిగతాది సుస్మిత బొటనవేలి కింద ఉంది.

"వేలు తియ్యి," అంది సుధామణి.

సుస్మిత తియ్యలేదు.